వాన రోజు పిల్లల్ని బయటికి తీసుకెళ్లడం ఎలా: ఒక్క పూట, ఒక్కటే చోటు

జులై, ఆగస్టుల్లో ముసురు పట్టిందంటే మొదటి రోజు పిల్లలకు పండగే. కాగితం పడవలు, కిటికీ ఊచల్లోంచి చేతులు చాపి చినుకులు పట్టుకోవడం, వేడి వేడి పకోడీలు. రెండో రోజు సాయంత్రానికి సోఫా మీంచి దూకుడు మొదలవుతుంది. మూడో రోజు ఫోన్ కోసం కొట్లాట. ఆరిన బట్టలు లేక, పిల్లల్ని పార్కుకు పంపలేక పెద్దవాళ్లకూ విసుగొస్తుంది. అలాంటి రోజు ఇల్లు దాటి ఒక పూట హాయిగా గడిపి రావడం ఎలాగో, మా ఇద్దరు పిల్లలతో తిరిగి నేర్చుకున్నది వరుసగా చెప్తాను. మేము ఉండేది హైదరాబాద్‌లో కాబట్టి ఎక్కువగా ఇక్కడి సంగతులే ఉంటాయి. విశాఖ, విజయవాడ వాళ్లకు పనికొచ్చేవీ మధ్యలో చెప్పాను.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. పూటకు ఒక్కటే చోటు పెట్టుకోండి. మొదట్లో మేము పొద్దున మ్యూజియం, మధ్యాహ్నం హోటల్ భోజనం, సాయంత్రం మాల్ అని పెద్ద ప్లాను వేసుకునేవాళ్లం. ఒకసారి మూడో చోటికి చేరేసరికి బాబు సాక్సులు తడిసి కాలివేళ్లు ముడతలు పడిపోయాయి. పాప ఆటోలోనే నిద్రపోయింది, లేపితే ఒకటే ఏడుపు. తడి బట్టల్లో, వాన ట్రాఫిక్‌లో ఇల్లు చేరడానికి రెండు గంటలు పట్టింది. మర్నాడు ఏం గుర్తుందని అడిగితే మ్యూజియంలో చూసిన గడియారం తప్ప ఇంకేమీ చెప్పలేదు ఇద్దరూ. ఆ గడియారం కోసం మిగతా రెండు చోట్లూ అక్కర్లేదు కదా.

మొదట: వెళ్లాలా, ఆగాలా?

ముందురోజు రాత్రి ఒకసారి, పొద్దున లేవగానే మరోసారి వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి. గ్రీన్, ఎల్లో, ఆరెంజ్, రెడ్ అని నాలుగు రంగుల్లో ఇస్తారు. ఎల్లో దాకా జాగ్రత్తగా వెళ్లి రావచ్చు. ఆరెంజ్ గానీ రెడ్ గానీ ఇచ్చారంటే ఇంట్లోనే ఉండండి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు చేరితే భారీ వర్షం, 115.6 చేరితే అతి భారీ వర్షం. అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. అదే 64 మిల్లీమీటర్లు రోజంతా ముసురుగా పడితే పెద్దగా ఇబ్బంది ఉండదు. గంటసేపట్లో కుమ్మరిస్తే నాలాలు పొంగి కాలనీ రోడ్డే కాలువైపోతుంది. కాబట్టి మనకు పనికొచ్చేది సన్నగా కురిసే ముసురు రోజు. ఉరుములు మెరుపులతో విరుచుకుపడే రోజు కాదు.

వానల వల్ల బడికి సెలవు ఇస్తే దాన్ని షికారు సెలవు అనుకోకండి. పిల్లలు రోడ్ల మీద ఉండకూడదనే కలెక్టర్లు ఆ సెలవు ఇస్తారు. ఆ రోజు ఇంట్లో దుప్పట్లతో గుడారం వేసి ఆడించండి. బయటికి వెళ్లడం మర్నాడు, వాన తెరిపిచ్చాక పెట్టుకోండి.

హైదరాబాద్‌లో ఇంకొకటి కూడా చూసుకోవాలి. గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారని వార్త వస్తే ఆ రోజు మూసీ వైపు వెళ్లొద్దు. చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ దగ్గర నీళ్లు ఎక్కుతాయి, దారులు మూసేస్తారు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన పెద్ద వరద తర్వాతే ఆ రెండు చెరువులూ కట్టారు. కొంచెం పెద్ద పిల్లలకు ఈ కథ చెప్తే, గేట్లు ఎత్తడమంటే ఏమిటో, ఇవాళ ఎందుకు వెళ్లట్లేదో వాళ్లకే అర్థమవుతుంది. పేచీ పెట్టరు.

రెండు: చోటు ఎలా ఎంచుకోవాలి

పేరు చూసి ఎంచుకోకండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. బండి దిగిన దగ్గర్నుంచి లోపలి తలుపు దాకా వానలో ఎంత దూరం నడవాలి? లోపల కూర్చోవడానికి బెంచీలు, పిల్లలకు బాత్రూమ్ ఉన్నాయా? ఇవాళ తెరిచి ఉందా? ఈ మూడో ప్రశ్న మర్చిపోయి గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. విశాఖ సబ్‌మెరైన్ మ్యూజియానికి సోమవారం సెలవు. టైమింగ్స్, టికెట్ ధరలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

మా ఇంట్లో అందరూ ఒప్పుకునేది సాలార్‌జంగ్ మ్యూజియం. ఆరేళ్లు దాటిన పిల్లలుంటే దీన్ని మించినది లేదు. వాన ఎంత పడుతున్నా లోపల తెలియదు. దాదాపు 40 గ్యాలరీలు ఉన్నాయి. అన్నీ చూడాలని మాత్రం అనుకోవద్దు. పిల్లలతో అయితే నాలుగే చూడండి: గడియారం, ముసుగు వేసుకున్న రెబెకా విగ్రహం, ముందొక మనిషి వెనకొక మనిషి ఉన్న చెక్క బొమ్మ, ఆటబొమ్మల గది. ఇంకా ఓపిక ఉంటే కత్తులు, కవచాలు. వెళ్లే దారిలో పిల్లలకు ఒక విషయం చెప్పండి. ఇందులో చాలా వస్తువులు ఒకే మనిషి, మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్, పోగు చేసినవి. సీసా మూతలో, స్టిక్కర్లో దాచుకునే పిల్లలకు ఈ మాట వెంటనే ఎక్కుతుంది. మా బాబు అయితే తన అగ్గిపెట్టె లేబుళ్ల డబ్బా కూడా ఒక మ్యూజియమేనని అప్పుడే తీర్మానించేశాడు.

పక్కనే పురానీ హవేలీలో నిజాం మ్యూజియం ఉంది. ఆరో నిజాం బట్టలు పెట్టుకోవడానికి చేయించిన రెండంతస్తుల చెక్క అల్మరాలు హాలు పొడవునా ఉంటాయి. పిల్లలు నోరు తెరిచి చూస్తారు. కానీ దగ్గరే కదా అని రెండూ ఒకే రోజు కలపకండి. దాన్ని ఇంకో వానకు దాచుకోండి.

నక్షత్రాలు, డైనోసార్ల పిచ్చి ఉన్న పిల్లలుంటే నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటోరియం, సైన్స్ మ్యూజియం. ప్లానెటోరియాన్ని 1985లో ఎన్టీఆర్ ప్రారంభించారు. తెలుగులో కూడా షోలు వేస్తారు, టికెట్ తీసుకునేటప్పుడు తెలుగు షో అని అడిగి తీసుకోండి. అక్కడి డైనోసారియంలో ఉన్న కోటసారస్ అస్థిపంజరం మన గోదావరి పరీవాహక ప్రాంతంలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలది. ప్లాస్టిక్ బొమ్మ కాదు. "ఇది మన దగ్గర తిరిగిన డైనోసారే" అని చెప్పి చూపిస్తే పిల్లల చూపు మారిపోతుంది. నాలుగేళ్ల లోపు వాళ్లయితే ప్లానెటోరియం వద్దు. చీకటి పడగానే భయపడతారు, షో మధ్యలో బయటికి రావాల్సి వస్తుంది. గుట్ట ఎక్కేచోట తడి ఉంటుంది కాబట్టి చెప్పులు జారకుండా చూసుకోండి.

కార్లంటే ప్రాణం పెట్టే చిన్నవాళ్లకు బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం. బర్గర్ కారు, క్రికెట్ బ్యాట్ కారు, బూటు కారు. గంటలో అయిపోతుంది. మూడు నాలుగేళ్ల వాళ్లకు ఆ గంట సరిగ్గా సరిపోతుంది.

విశాఖలో అయితే ఆర్కే బీచ్ దగ్గర ఐఎన్ఎస్ కురుసుర. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన నిజమైన జలాంతర్గామి అది, 91 మీటర్ల పొడవు. ఇరుకు దారులు, గుండ్రటి తలుపుల్లోంచి వంగి దాటడం, ఒకదాని మీద ఒకటి ఉన్న పడకలు, టార్పెడోలు. మ్యూజియం చూస్తున్నట్టు కాకుండా ఆడుకుంటున్నట్టే ఉంటుంది పిల్లలకు. చంకలో ఎత్తుకోవాల్సిన పసిపిల్లలుంటే మాత్రం కష్టం. తుపాను హెచ్చరిక ఉన్న రోజు అసలు బీచ్ రోడ్డుకే వెళ్లొద్దు. విజయవాడ వాళ్లకు బందర్ రోడ్డులోని బాపు మ్యూజియం, మన పాత విక్టోరియా జూబ్లీ మ్యూజియం. 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా చూపించిన కాంగ్రెస్ సమావేశాలు విజయవాడలో జరిగింది అక్కడే. బడిలో ఆ పాఠం చదివిన పిల్లల్ని అదే చోట నిలబెట్టి ఆ మాట చెప్పండి.

ఇక మాల్స్‌లోని ప్లే జోన్లు. మూడేళ్ల లోపు పిల్లలకు, ఒంట్లో ఉన్న ఉరుకులాట తీరాల్సిన పిల్లలకు అవీ కావాలి, కాదనను. కానీ ఆదివారం వాన పడితే ఊరంతా అక్కడే ఉంటుంది. ఒకసారి మేము వెళ్లిన చోట అందరి కాళ్ల తడితో లోపలి నేల జారుడుబండలా ఉంది. పాప జారి పడింది, పెదవి చిట్లింది. తుడవమని రెండుసార్లు చెప్పినా అక్కడివాళ్లు పట్టించుకోలేదు. అందుకే ఇప్పుడు టికెట్ కొనకముందే లోపలికి తొంగి చూస్తాను. నేల పొడిగా ఉందా, పిల్లల్ని కనిపెట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నారా అని. ఆ రెండూ లేకపోతే పిల్లలు ఎంత ఏడ్చినా లోపలికి పంపను. అడుగున రబ్బరు చుక్కలుండే సాక్సులు ఇంటినుంచే తీసుకెళ్లండి.

మూడు: ముందురోజు రాత్రే సంచి సర్దండి

పిల్లలకు గొడుగు ఇవ్వకండి, రెయిన్‌కోటు వేయండి. గొడుగు పట్టుకుంటే ఒక చెయ్యి దానికే పోతుంది, రెండో చెయ్యి మీరు పట్టుకుంటారు, కాలు జారితే ఆనుకోవడానికి చెయ్యే ఉండదు. కాళ్లకు బూట్లు వద్దు, వెనక పట్టీ ఉన్న శాండిల్స్ వేయండి. బూటు ఒకసారి తడిస్తే ఆ పూటంతా తడే. శాండిల్ అయితే తుడిస్తే పోతుంది.

ఒక్కొక్కరికీ ఒక జత పొడి బట్టలు, డ్రాయరుతో సహా, విడివిడిగా పాలిథిన్ కవర్లలో పెట్టండి. తడి బట్టలు వేయడానికి రెండు ఖాళీ కవర్లు. మందపాటి టర్కీ టవల్ కాకుండా పల్చటి నూలు తువ్వాలు రెండు. ఒక్కో స్వెటర్. స్వెటర్ ఎందుకంటే మెట్రోలోనూ మాల్‌లోనూ ఏసీ ఉంటుంది. మా పిల్లలకు జలుబు చేసిన ప్రతిసారీ వానలో తడిసినందుకు కాదు, తడి తలతో ఏసీలో కూర్చున్నందుకే చేసిందని నా నమ్మకం. రైలెక్కే ముందే స్టేషన్ మెట్ల దగ్గర ఒక పక్కకు నిలబడి తల తుడిచేయండి.

తినడానికి జంతికలు, బెల్లం నెయ్యి రాసి చుట్టిన చపాతీలు, అరటిపళ్లు. ఫ్లాస్కులో గోరువెచ్చటి పాలు. మ్యూజియాల్లో తిండి, పెద్ద సంచులు లోపలికి తీసుకెళ్లనివ్వరు, బయటే అప్పజెప్పాలి. కాబట్టి లోపలికి వెళ్లే ముందే తినిపించేయండి. డబ్బులు, ఫోను, చిన్న నోట్‌బుక్కు, పెన్సిలు మాత్రం వేరే చిన్న సంచిలో ఉంచుకోండి.

నాలుగు: పొద్దున్నే బయల్దేరండి

మన దగ్గర పెద్ద జల్లులు మధ్యాహ్నం దాటాక, సాయంత్రం వేళ ఎక్కువ. ఆఫీసులు వదిలే టైముకు వాన కూడా కలిస్తే ఎంత నరకమో హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకని మ్యూజియం తలుపులు తెరిచే టైముకే అక్కడ ఉండండి, ఒంటిగంట లోపు వెనక్కి తిరగండి.

వీలైతే మెట్రోలోనే వెళ్లండి. మియాపూర్–ఎల్బీ నగర్ లైన్లో ఎంజీబీఎస్ దగ్గర దిగి ఆటో మాట్లాడుకుంటే సాలార్‌జంగ్ దగ్గరే. నాగోల్–రాయదుర్గం లైన్ వాళ్లు అమీర్‌పేటలో మారాలి. బిర్లా సైన్స్ మ్యూజియానికైతే అసెంబ్లీ స్టేషన్. పిల్లలకు రైలే సగం షికారు. పైనుంచి తడిసిన ఊరంతా కనిపిస్తుంది. మిద్దెల మీద నిలిచిన నీళ్లు, నీలం టార్పాలిన్లు, కింద వరసగా కదిలే గొడుగులు. అద్దం మీద జారే చినుకుల్లో ఏది ముందు కిందికి చేరుతుందో పందెం వేయమనండి, నాలుగు స్టేషన్లు గడిచిపోతాయి.

రోడ్డు మీద నడిచేటప్పుడు ఒక్క విషయంలో రాజీ పడొద్దు. నీళ్లు నిలిచిన చోట పిల్లల్ని నడిపించకండి. అడుగున మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో పైకి కనిపించదు. కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, వీధిలో ఉండే కరెంటు పెట్టెల దగ్గరికి పోనివ్వకండి. చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చినా సరే, పొడి దారే పట్టండి.

ఐదు: లోపల తొందరపెట్టకండి

ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోండి. తర్వాత గడియారం దగ్గరికి గంట కొట్టే వేళకు పది నిమిషాల ముందే వెళ్లి, పిల్లలకు కనపడేలా చోటు పట్టుకోండి. పెద్దవాళ్లు వెంట ఉంటే అక్కడ కాసేపు కూర్చుని మోకాళ్లకు విశ్రాంతి ఇవ్వచ్చు.

ఆ గడియారం లోపల ఒక చిన్న కమ్మరి బొమ్మ సుత్తితో కొడుతూ ఉంటుంది, సెకనుకొక దెబ్బ. గంటకు మూడు నిమిషాల ముందు పక్క తలుపులోంచి గడ్డం బొమ్మ ఒకటి బయటికి వస్తుంది. టైము ఎంతైతే అన్ని సార్లు గంట కొట్టి మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. మేము మొదటిసారి వెళ్లినప్పుడు పాపకు నాలుగేళ్లు. పదకొండు గంటలకు బొమ్మ వచ్చేసరికి హాలంతా చప్పుడు ఆగిపోయింది. పాప నా చీర కొంగు పట్టుకుని వేళ్ల మీద లెక్కపెట్టింది, పది వేళ్లూ అయిపోయాక పదకొండో దెబ్బకు తన ముక్కు పట్టుకుంది. బొమ్మ లోపలికి వెళ్లగానే వాళ్లన్నయ్యను అడిగింది, "అన్నయ్యా, తాత లోపలికెళ్లి ఏం చేస్తాడు?" వాడు ఏమాత్రం ఆలోచించకుండా "అన్నం తింటాడు" అన్నాడు. ఇంక తాత అన్నం తిని ఎప్పుడొస్తాడని ఒకటే అడగడం. మళ్లీ పన్నెండింటికి తీసుకెళ్లి నిలబెట్టాం. పన్నెండు దెబ్బలు పడ్డాయి. "అన్నం తిన్నాడు కదా, అందుకే ఎక్కువ కొట్టాడు" అంది పాప.

గడియారం ఒకసారి కొట్టాక మళ్లీ కొట్టేదాకా ఉన్న ఆ టైములో మిగతా మూడూ చూడండి. రెబెకా విగ్రహం దగ్గర శిల్పి పేరు, తేదీ మీరే చెప్పేయకండి. "మొహం మీద ముసుగు గుడ్డా, రాయా?" అని అడిగి ఊరుకోండి. పిల్లలు అటు తిరిగి, ఇటు తిరిగి చూసి వాళ్లే తేలుస్తారు. పాలరాతినే ముసుగులా చెక్కారని తెలిశాక ఆశ్చర్యపోతారు. అప్పుడు చెప్పండి, ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిందని. చెక్క బొమ్మ దగ్గర ముందు వైపు నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ అనే దయ్యాన్ని మాత్రమే చూపించి, వెనకాల అద్దంలో ఎవరున్నారో చూడమనండి. అద్దంలో తల వంచుకున్న అమ్మాయి కనిపిస్తుంది. ఒకే దుంగలో ఇద్దరూ ఉన్నారు.

చిన్నవాళ్లకు వెతుకులాట ఆట పెట్టండి. ఈ గదిలో ఏనుగులు ఎన్ని, మీసాలున్న వాళ్లు ఎంతమంది, అన్నిటికంటే చిన్న కత్తి ఏది. పెద్దవాళ్లకు నోట్‌బుక్కు ఇచ్చి నచ్చిన ఒక్క వస్తువు బొమ్మ గీయమనండి. పిల్ల ఒక్కచోటే ఇరవై నిమిషాలు నిలబడిపోతే లాక్కెళ్లకండి. టికెట్ డబ్బులు గిట్టుబాటు కావాలని అన్ని గదులూ తిప్పడం మనకుండే అలవాటు. దానివల్లే పిల్లలకు మ్యూజియం అంటే కాళ్లనొప్పులు గుర్తుకొస్తాయి. కాళ్లు ఈడుస్తున్నారంటే గంటన్నరే అయినా బయటికి వచ్చేయండి.

ఆరు: తిండి, తిరుగు ప్రయాణం

వానాకాలంలో బయట పానీపూరి, కోసి పెట్టిన పళ్లు, చెరుకు రసం వద్దు. నీళ్లు మంచివి కాకపోతే టైఫాయిడ్, కామెర్లు వచ్చే కాలం ఇది. నూనెలోంచి అప్పుడే తీసిన మిరపకాయ బజ్జీ, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, హోటల్లో పొగలు కక్కే ఇడ్లీ అయితే ఫరవాలేదు. పొత్తు మీద నిమ్మకాయ, ఉప్పుకారం రాయించుకుని రైలు దిగాక మా వీధి మొదట్లో తినడం మా పిల్లలకు అలవాటైపోయింది. అది లేకపోతే షికారు పూర్తయినట్టు ఒప్పుకోరు.

బయటికి వచ్చేసరికి వాన దంచి కొడుతుంటే బయల్దేరకండి. లోపలే, బెంచీ మీద, అరగంట ఆగండి. అంత పెద్ద జల్లు చాలాసార్లు అరగంటలో తగ్గుతుంది. ఆ అరగంట కోసమే ఒక కథ, ఒక పాట దాచిపెట్టుకోండి.

ఇంటికి రాగానే వేడినీళ్ల స్నానం, పసుపు వేసిన పాలు, కాసేపు నిద్ర. పిల్లలు పడుకున్నాక ఇంకో రెండు పనులు ఉంటాయి. రెయిన్‌కోట్లు తడిగా మడత పెట్టేయకుండా లోపలి వైపు బయటికి తిప్పి బాత్రూమ్ తలుపు కొక్కేనికి తగిలించండి, లేకపోతే మూడు రోజుల్లో ముక్కవాసన పడుతుంది. మీ బూట్లు తడిస్తే వాటిలో పాత పేపరు ఉండలు కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి. పడుకునే ముందు ఒకసారి ఆ పేపరు తీసి కొత్తది పెడితే పొద్దున ఆఫీసుకు వేసుకుపోవచ్చు.